అలిగిన నాటి రొట్టెలు

1999 అక్టోబర్ 9, శనివారం. పొద్దున నేనూ ఏంజెలూ రాత్రి మిగిలిన అన్నంలో మామిడికాయ తొక్కు కలుపుకొని తిన్నాం. ఆ రోజు రాత్రి ఎదురింటి పోచమ్మ వదిన స్టీలు గిన్నెలో నువ్వులు, బెల్లం, బియ్యప్పిండి కలిపిన ముద్దలు ఆరు తెచ్చి ఇచ్చింది. వాటిని మేము తినలేదు. తినలేదు కాబట్టే ఆ తేదీ ఇంతగా గుర్తుంది.

మేముండేది మరాఠీ గడ్డ మీద, కామత్‌ఘర్‌లో, ఒంటిగది ఇళ్లు వరుసగా ఉన్న ఒక చాలులో. మా తలుపూ వాళ్ల తలుపూ ఎదురెదురు. మధ్యన మూడడుగుల సందు, దాని నడుమ మోరీ. వాళ్లింట్లో పోపు వేస్తే మా ఇంట్లో తుమ్ములొచ్చేవి. నా భార్య శారమ్మ ఆ జూన్‌లో కామెర్లతో పోయింది. పదకొండు రోజులు మంచంలో ఉంది. అప్పుడు ఏంజెల్‌కు పదేళ్లు.

నాది నార్పోలిలో ఒక మగ్గాల షెడ్డులో బట్ట చూసే పని. మగ్గం దిగిన తాన్లను బల్ల మీద లాగుతూ, పోగు తెగిన చోట, నూనె మరక పడిన చోట సుద్దముక్కతో గుర్తు పెట్టాలి. జగిత్యాల కాలేజీలో బి.ఏ. చదివినందుకు వాడలో అందరూ నన్ను మాస్టరు అనేవాళ్లు. పొద్దున ఎనిమిదింటికి పోతే రాత్రి తొమ్మిదికి ఇల్లు చేరేవాణ్ణి. ఏంజెల్ మధ్యాహ్నం మరాఠీ బడి నుంచి వచ్చి, నేను వచ్చేదాకా పోచమ్మ వదిన దగ్గరే ఉండేది. ఆమె బీడీలు చేస్తుంటే పక్కన కూర్చొని దారాలు కత్తిరించి ఇచ్చేది. ఎనిమిదింటికి అక్కడే తిని, మా ఇంటికొచ్చి చాప పరుచుకొని పడుకునేది. నేను వచ్చి గడియ పెట్టుకున్నాక ఎదుటి తలుపు మూసుకున్న చప్పుడు వినిపించేది. ఆమె పనులు అప్పటికి తీరుతాయేమో అనుకునేవాణ్ణి.

ఆమె భర్త బుచ్చిరాములన్న మా షెడ్డులోనే జాబరు. చెడిపోయిన మగ్గాలు బాగుచేస్తాడు. ఆగస్టులో ఒకరోజు టీ తాగుతూ, నేను జర జల్ది ఇంటికి రావాలని నవ్వుతూ మొత్తుకున్నాడు.

"నువ్వొచ్చి గడియ పెట్టెదాక మా ఆమె తలుపెయ్యది మాస్టరూ. పిల్ల ఒక్కతే ఉన్నదంటది. కామత్‌ఘర్ దోమలన్ని నన్నే కొరుకుతున్నయ్."

నేను నవ్వాను. టీ గ్లాసు కింద పెట్టి మళ్లీ బల్ల దగ్గరికి పోయాను. ఆ మాట గురించి ఆలోచించింది చాలా రోజుల తర్వాత.

సెప్టెంబర్ చివర రూతక్క ఉత్తరం వచ్చింది. రూతక్క నాకంటే తొమ్మిదేళ్లు పెద్ద. మెట్‌పల్లి దగ్గర ఒక మిషన్ హాస్టల్లో ఆడపిల్లలను చూసుకుంటుంది. దసరా సెలవుల్లో వస్తానని రాసింది. తల్లి లేని పిల్ల, తండ్రి పొద్దంతా ఇంట్లో ఉండడు, ఆ ఇల్లు ఎలా నడుస్తుందో కళ్లారా చూడాలని ఆమె పట్టుదల. ప్రార్థన జరుగుతుందా లేదా, బతుకమ్మ దినాల్లో విగ్రహానికి పెట్టిన తిండి మా గుమ్మం దాటి లోపలికి వస్తుందా రాదా, అవీ చూస్తానంది. చివర్న ఇలా ఉంది: "ఇల్లు ఇల్లు లెక్క ఉంటే ఏంజెల్ నీ దగ్గరనే ఉంటది. లేకపోతే నా ఎంట తీసుకపోత. హాస్టల్ల దానికి జాగ చూసే పెట్టిన."

ఆ ఉత్తరం నేను చాలాసార్లు చదివాను. శారమ్మ పోయాక ఆ గదిలో నాతో మాట్లాడే గొంతు ఏంజెల్‌ది ఒక్కటే మిగిలింది. ఆ గొంతు కోసం ఏం చేయమన్నా చేసేవాణ్ణి. రూతక్క చేయమన్నది కష్టమైనది కాదు. తొమ్మిది రోజులు ఎదురింటి తిండి ముట్టకుండా ఉంటే చాలు.

అందుకని పండుగ మొదలైన ఆ శనివారమే ఏంజెల్‌తో చెప్పాను, బతుకమ్మ అయిపోయేదాకా ఎదురింటి పెద్దమ్మ దగ్గర ఏమీ తినొద్దని. ఎందుకని అడిగింది. అత్తమ్మ వస్తుందని చెప్పాను. ఆ జవాబు దానికి అర్థమైందో లేదో తెలియదు. "మంచిది బాపూ" అంది.

అంతకుముందు నాలుగేళ్లూ బతుకమ్మ దినాల్లో ఆ గిన్నె మా ఇంటికి వచ్చేది. శారమ్మ కంచంలో పెట్టేది, నేను తినేవాణ్ణి. శారమ్మ నాకంటే గట్టి విశ్వాసి. ఆమె ఎలా తిన్నదో నేను ఎన్నడూ అడగలేదు. అది విగ్రహానికి పెట్టిందని తెలియక తిని ఉంటుందనుకున్నాను. ఇప్పుడు నాకు తెలిసింది కాబట్టి జాగ్రత్త పడాలనుకున్నాను.

పోచమ్మ వదిన ముఖం మీద వద్దనడం నా చేత కాలేదు. గిన్నె అందుకొని, తిండిని నా డబ్బాలో సర్దుకొని, గిన్నె కడిగి వెంటనే ఇచ్చేసేవాణ్ణి. మర్నాడు షెడ్డు గేటు దగ్గర వాచ్‌మన్ రాంఖేలావన్‌కు ఇచ్చేవాణ్ణి. యూపీ మనిషి, ఇల్లు వదిలి ఆరేళ్లు. మొదటిరోజు నువ్వుల ముద్దలు రెండు చేతులతో తీసుకొని నుదుటికి తాకించుకున్నాడు. రెండో రోజు అటుకులూ బెల్లమూ. తర్వాత ముద్దపప్పు, పాలల్లో నానిన బియ్యం. నా వల్ల ఒక మనిషి కడుపునిండా తింటున్నాడని నాకు నేను చెప్పుకున్నాను. అందులో కొంత నిజం కూడా ఉంది.

ఇంటి దగ్గర ఏం జరుగుతుందో మాత్రం నాకు కనిపించలేదు. తినొద్దంటే ఏంజెల్ అసలు ఆ ఇంటికే పోవడం మానేసింది. తినకుండా అక్కడ కూర్చుంటే పెద్దమ్మ ఊరుకోదు గదా. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రాత్రి తొమ్మిది దాకా, గది తలుపు దగ్గరికి వేసుకొని, పొద్దున నేను వండిపోయిన చల్లటి అన్నం తిని, ఒక్కతే కూర్చునేది. బయట సందు చివర పిల్లలు బతుకమ్మ చుట్టూ చప్పట్లు కొడుతుంటే కిటికీలోంచి చూసేదట. ఇదంతా తర్వాత తెలిసింది.

ఐదో రోజు బుధవారం. అట్ల బతుకమ్మ. గిన్నె నిండా బియ్యప్పిండి అట్లు, మెత్తగా, అంచులు ఎర్రగా కాలి. రాత్రి ఆమె ఇచ్చిపోయాక మూత తీసి వాసన చూసి, మళ్లీ మూత పెట్టాను. గురువారం పొద్దున రాంఖేలావన్‌కు ఇచ్చాను. మధ్యాహ్నం బుచ్చిరాములన్న కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు. నేను అతని వెనకే ఉన్నాను. రాంఖేలావన్ అటుగా వస్తూ డబ్బా నా చేతికిచ్చాడు.

"మాస్టర్‌జీ, చీలే బహుత్ బఢియా థే. భాభీ కో బోల్‌నా."

అట్లు చాలా బాగున్నాయని భాభీకి చెప్పమంటున్నాడు. ఏ భాభీ అని అతనికీ తెలియదు. బుచ్చిరాములన్న డబ్బా వైపు చూశాడు. రాత్రి ఆ అట్లు ఎవరు పోశారో, ఎంతసేపు పోశారో అతనికి తెలుసు. దూది గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. తుడుచుకున్న చేతుల్నే మళ్లీ తుడుచుకున్నాడు. లోపలికి పోతూ మెల్లగా అడిగాడు.

"ఉప్పు తక్కువైందా మాస్టరూ, అట్లల్ల?"

"లేదన్నా" అన్నాను.

ఆ సాయంత్రం తాన్లు చూస్తూ ఎన్ని మచ్చలు వదిలేశానో నాకే తెలియదు.

ఆ రోజు ఆరో రోజు. ఆరో రోజు బతుకమ్మ అలుగుతుంది. ఆ రోజు పూలు పేర్చరు, ఆట ఆడరు, అమ్మకు ఏమీ పెట్టరు. నాకు ఆ సంగతి తెలుసు. కాబట్టి ఆ రాత్రి గిన్నె రాదనుకున్నాను. రాకపోవడమే మేలనుకున్నాను, ఆమె ముఖం చూడలేక.

తొమ్మిది దాటాక వచ్చింది. గిన్నెలో జొన్నరొట్టెలు, పైన చిన్న గ్లాసులో పచ్చిపులుసు. ఎప్పుడూ లోపలికి వచ్చే మనిషి ఆ రోజు గుమ్మం బయటే నిలబడింది. ఏంజెల్ గోడవైపు తిరిగి పడుకొని ఉంది.

"ఇయ్యాల అమ్మ అలిగింది మాస్టరూ. ఇయ్యాల పెట్టుడు లేదు, మొక్కుడు లేదు. గివి ఉత్త రొట్టెలు. గివన్న తింటరా, గివి సుత వాచ్‌మన్‌కే పోతయా?"

గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది. నేను తలుపు పట్టుకొని నిలబడ్డాను.

"మొదటేడే శారమ్మ నాకు నోరు తెరిచి చెప్పింది" అంది. "అక్కా, దేవునికి పెట్టింది మేం తినం, పెట్టనిదుంటె పెట్టు, లేకుంటె ఏం అనుకోకు అన్నది. అమ్మకు పెట్టకముందు అండ్లకెల్లి తీసుడు మాకు తప్పు. అందుకే తియ్యలే. ఏరే వండిన. అమ్మది పొయ్యి మీద, మీది స్టవ్ మీద. నాలుగేండ్ల సంది గంతే. ఈ అయిదు దినాలు సుత గంతే."

"నాకు తెల్వదు వదినా."

"మీరు అడుగకపోతిరి" అంది. గిన్నె గడప మీద పెట్టి పోయింది.

నేను గిన్నె లోపలికి తెచ్చాను. ఏంజెల్ నిద్రపోలేదు. గోడవైపే తిరిగి, "నాకు ఎరుకే" అంది.

ఎందుకు చెప్పలేదని అడిగాను. తినొద్దంటే ఎందుకని తాను అడిగిందట, నేను అత్తమ్మ వస్తుందన్నానట. అంతకంటే ఇంకేం చెప్పాలని అడిగింది. లేచి రొట్టె తిను బిడ్డా అన్నాను. "మలా నకో" అంది, నాకొద్దని మరాఠీలో. రేపటి నుంచి మళ్లీ పెద్దమ్మ దగ్గరికి పొమ్మన్నాను.

"ఎట్ల పోవాలె? ఎందుకొస్తలేవని పెద్దమ్మ రోజూ అడిగింది. హోంవర్క్ ఉన్నదని అబద్ధమాడిన. నాలుగు దినాలు ఆడిన. ఇప్పుడు ఏ ముఖం పెట్టుకొని పోవాలె?"

పదేళ్ల పిల్ల నోట అంత పెద్ద మాట. అది శారమ్మ మాట. రేషన్ దుకాణం దగ్గర గొడవపడి వచ్చినప్పుడు శారమ్మ అలాగే అనేది.

ఆ పండుగలో నేను వాళ్లింటి తిండి తిన్నది అప్పుడే. రొట్టెలు చల్లారి గట్టిపడ్డాయి. పచ్చిపులుసులో ఉల్లిపాయ సన్నగా తరిగి వేసింది, శారమ్మకు ఇష్టమైనట్టు. ఒక్కణ్ణే కూర్చొని రెండు తిన్నాను.

శుక్రవారం గిన్నె రాలేదు. శనివారం పొద్దున జగిత్యాల బస్సుకు రూతక్క వచ్చింది. వస్తూనే కాళ్లు కడుక్కొని ఇల్లంతా చూసింది. బైబిల్ మీద దుమ్ము ఉందేమోనని వేలితో రాసి చూసింది. బియ్యం డబ్బా, పప్పు డబ్బా మూతలు తీసింది. ఏంజెల్ తల దువ్వి పేలు వెతికింది. సాయంత్రం ప్రార్థనలో ఏంజెల్ తొంభై ఒకటో కీర్తన చూడకుండా చెప్పింది. ఎదురింట్లో పాటలు వినిపిస్తున్నాయి. ఆ ఇంటి తిండి వస్తుందా అని అక్క అడిగింది. రావడం లేదన్నాను. ఆ రోజుకు అది నిజమే.

"ఇల్లు మంచిగనే పెట్టుకున్నవ్ తమ్మీ" అంది అక్క. ఆమె నోటి నుంచి మెప్పు రావడం అరుదు. "నేనే ఎక్కువ భయపడ్డ. పిల్ల ఇక్కడనే ఉండనియ్. దాన్ని సుత ఒక మాట అడుగుదాం."

గెలిచాననుకున్నాను. ఏంజెల్ స్టవ్ పక్కన కూర్చొని ఉంది. అక్క దాన్ని దగ్గరికి పిలిచి, బాపు దగ్గర ఉంటావా, నా వెంట వస్తావా అని అడిగింది. అంతా మాట వరుసకే అడిగినట్టుంది.

ఏంజెల్ అక్క వైపు చూడలేదు. నా వైపు చూసింది. చాలాసేపు చూసింది.

"నీ ఇష్టం బిడ్డా" అన్నాను.

"వస్త అత్తమ్మా" అంది ఏంజెల్.

అక్కే ముందు తెల్లబోయింది.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక అక్క పిల్ల బట్టలు సంచిలో సర్దింది. ఆ రోజు సద్దుల బతుకమ్మ. పొద్దు వాలుతుండగా పోచమ్మ వదిన కొత్త చీర కట్టుకొని మా గుమ్మంలోకి వచ్చింది. చేతిలో ఐదు గిన్నెల క్యారియరు. పిల్ల పోతున్నదని విన్నానంది. పులిహోర, పెరుగన్నం, కొబ్బరన్నం, నువ్వులన్నం, నిమ్మకాయన్నం. రూతక్క గిన్నెల వైపు చూసింది, ఆమె వైపు చూసింది. తలెత్తి మర్యాదగానే అడిగింది, ఇది మీ అమ్మకు పెట్టిందేనా అని.

పోచమ్మ వదిన నోరు తెరిచేలోపు ఏంజెల్ అంది:

"కాదు అత్తమ్మా. అమ్మది పొయ్యి మీద. మనది స్టవ్ మీద ఏరే. మా అమ్మ ఉన్నప్పటి సంది గంతే."

పోచమ్మ వదిన ఏంజెల్ తల మీద చెయ్యి వేసింది. ఏంజెల్ లేచి ఆమె నడుము పట్టుకొని ముఖం దాచుకుంది. హోంవర్క్ అయిపోయిందా అని ఆమె అడిగింది. చీర కుచ్చిళ్లలోంచి అయిపోయిందన్న మాట వినిపించింది. చెరువు దాకా రమ్మని వెంట తీసుకుపోయింది.

రూతక్క కళ్లు మూసుకొని ప్రార్థించి, పులిహోర పెట్టుకుంది. ఇంగువ ఎక్కువైందంది. రెండోసారి పెట్టుకుంది. తింటూ తింటూ ఆగింది.

"ఇసొంటి మనిషి ఎదురుంగ ఉంటె పిల్లనెందుకు పంపుతున్నవ్ తమ్మీ?"

"దాని ఇష్టం గదక్కా."

"దాని ఇష్టం అడిగినం. నీ ఇష్టం నువ్వు చెప్పలే."

ఏంజెల్ చీకటి పడ్డాక వచ్చింది. జడలో బంతిపూలు, చేతులకు పసుపు. చాలా రోజుల తర్వాత నవ్వుతూ వచ్చింది. అప్పుడైనా ఉండు బిడ్డా అని చెప్పొచ్చు. ఆ నవ్వు చూసి, సంచి కట్టుకొని సంబరంగా ఉన్న పిల్లను ఏడిపించడం ఎందుకనుకున్నాను. చెప్పలేదు.

సోమవారం సాయంత్రం నాలుగింటికి బస్సు. అక్క కిటికీ సీట్లో సర్దుకుంటుంటే ఏంజెల్ కిందికి దిగి నా చొక్కా పట్టుకుంది. గూట్లో పైన అల్యూమినియం గిన్నె ఉంది గదా, చెవికి తెల్ల నూలు కట్టి ఉంటుంది, దాంట్లో పెద్దకూర వండొద్దు అంది. అది పెద్దమ్మ వాళ్లదట. క్రిస్మస్‌కు వాళ్లకిచ్చే పాయసం అమ్మ దాంట్లోనే చేసేదట.

మాది ఆదివారాలు పెద్దకూర, అంటే గొడ్డుమాంసం, వండుకునే ఇల్లు. వాళ్లు ముట్టరు. శారమ్మ దానికోసం ఒక గిన్నె వేరుగా పెట్టిందని నాకు తెలియదు.

"జూలైల అండ్లనే వండిన బిడ్డా."

"ఎరుకే. పెద్దమ్మకు చెప్పిన. కోపానికి రాలే. కొత్తది కొనమను, నూలు నేనిస్త అన్నది."

బస్సు కదిలాక కిటికీలోంచి చెయ్యి ఊపింది. ఆ ఏడు తిరిగి రాలేదు. మే నెలలో వచ్చింది, పదిహేను రోజులు ఉండి పోయే చుట్టంలా. తలుపు దగ్గర చెప్పులు విప్పి, నీళ్లు ఎక్కడున్నాయని అడిగింది.

ఆ సోమవారం నేను బస్టాండు నుంచి బజారులోకి నడిచాను. రేపు దసరా కదా, గిన్నెల దుకాణాల్లో జనం. రెండు శేర్ల పాయసం పట్టే అల్యూమినియం గిన్నె ఒకటి ఏరుకున్నాను. పేరు చెక్కాలా అని దుకాణం అతను అడిగితే వద్దన్నాను. ఆటో ఎక్కబుద్ధి కాలేదు. మగ్గాల చప్పుడు ఒక సందులో తగ్గి ఇంకో సందులో మొదలవుతుంటే, ఆ చప్పుడు వెంటే నడిచాను. చాలు చేరేసరికి తొమ్మిదిన్నర.

మా తలుపుకు తాళం. లోపల కనిపెట్టుకొని ఉండాల్సిన పిల్ల లేదు. ఎదుటి తలుపు మాత్రం తెరిచే ఉంది. వాళ్ల బల్బు వెలుగు మోరీ దాటి మా గడప దాకా పడుతోంది.

తాళం తీస్తుంటే పోచమ్మ వదిన వచ్చింది. పెద్ద స్టీలు గిన్నె కాదు, అరచేతిలో పట్టే చిన్న గిన్నె. రెండు రొట్టెలు, కొంచెం వంకాయ కూర.

"ఒక్కలే గద అని తక్కువ తెచ్చిన. సాలకపోతె చెప్పుండ్రి."

"సాలుతది వదినా."

నా చేతిలో కొత్త గిన్నె చూసింది. లోపలికి పోయి మూరెడు తెల్ల నూలు తెచ్చి ఇచ్చింది. లోపల బుచ్చిరాములన్న దోమలని గొణిగాడు. ఆమె పట్టించుకోలేదు.

నేను కూర్చొని గిన్నె చెవికి నూలు కట్టాను. నా ముడి శారమ్మ ముడిలా రాలేదు. గిన్నెను గూట్లో పైన పెట్టాను. రొట్టెలు తిని, చిన్న గిన్నె కడిగి బోర్లించాను. ఏంజెల్ చాప గోడకు ఆనించి ఉంది. దాన్ని అలాగే ఉంచి, లేచి గడియ పెట్టాను.

కాసేపటికి ఎదుటి తలుపు మెల్లగా మూసుకున్న చప్పుడు వినిపించింది.